టానిత్: నక్షత్రాల నడుమ ఓడదొంగల రేవు

ఓడదొంగల కథలు చదివినవారు దొంగల పేర్లు మరచిపోవచ్చును గాని, వారు దాగిన దీవిని మరచిపోరు. నాలుగు కొబ్బరిచెట్లు, ఒక గుహ, ఇసుకలో పాతిన పెట్టె ఉంటే కథ సగం నడచినట్లే. ఇరువదవ శతాబ్దంలో అమెరికా రచయితలు కొందరు ఈ కథను సముద్రం మీదినుంచి ఎత్తి ఆకాశంలో పెట్టినారు. ఓడ వ్యోమనౌక ఐనది. దీవి గ్రహం ఐనది. దీవుల గుంపు ఒక నక్షత్ర కుటుంబం ఐనది. అక్కడ దొంగలు ఏమి తింటారు, విరిగిన ఓడను ఎవరు బాగుచేస్తారు, దోచిన సొత్తును ఎవరు కొంటారు అని మాత్రం చాలమంది రచయితలు అడుగలేదు. అడిగినవారిలో హెచ్. బీమ్ పైపర్ ఒకడు. ఆయన వ్రాసిన 'స్పేస్ వైకింగ్' అనే నవల 1962 నవంబరు మొదలు 1963 ఫిబ్రవరి వరకు 'అనలాగ్' అనే మాసపత్రికలో ధారావాహికగా వెలువడినది. అందులో ఓడదొంగలు స్థావరం చేసికొన్న గ్రహం పేరు టానిత్. దానిని గురించి చెప్పుటయే ఈ ప్రసంగం ఉద్దేశం.

నక్షత్ర కుటుంబం అనగా ఒక నక్షత్రం, లేక ఒకదానినొకటి చుట్టుకొను రెండు మూడు నక్షత్రాలు, వాని గ్రహాలు, ఉపగ్రహాలు, తోకచుక్కలు, లఘుగ్రహాలు అన్నీ చేరిన సంసారం. మన సూర్యకుటుంబం అట్టిది. మనకు అతి సమీపాన ఉన్న మరొక కుటుంబం ఆల్ఫా సెంటారీ. అందులో మూడు నక్షత్రాలున్నవి. వానిలో మనకు దగ్గరిది ప్రాక్సిమా. దాని దూరం సుమారు 4.2 కాంతి సంవత్సరాలు. రేడియో తరంగం కూడ కాంతివేగంతోనే, అనగా సెకనుకు సుమారు 3 లక్షల కిలోమీటర్ల వేగంతోనే పోవును. స్టేషనులో పలికిన మాట మీ ఇంటి రేడియోలో వినబడుటకు పట్టే కాలం లెక్కలోనికి రాదు. అదే మాట ప్రాక్సిమా దగ్గర వినవలెనంటే నాలుగేండ్లు దాటును. అక్కడివారు వెంటనే బదులు పలికినను, అది మనకు చేరునప్పటికి నేడు పలక పట్టిన పిల్లవాడు ఎనిమిదవ తరగతికి వచ్చియుండును.

దొంగల కథకు ఈ లెక్క చాల ముఖ్యం. పైపర్ కల్పించిన లోకంలో వ్యోమనౌకలు కాంతిని మించిన వేగంతో పోగలవు. రేడియో వార్త మాత్రం పోలేదు. కబురు ఓడతోనే పోవలెను, ఓడతోనే రావలెను. 17వ శతాబ్దంలో హిందూ మహాసముద్రం మీద ఉండిన స్థితి సరిగా ఇదే. ఒక రేవును దోచిన సంగతి దూరపు రాజధానికి తెలియుటకు మాసాలు పట్టేది. తెలిసి పటాలం బయలుదేరేసరికి దొంగ మరొక సముద్రంలో ఉండేవాడు. కబురు దొంగకన్న వేగంగా నడచిన నాడు గాని ఈ ఆట మారలేదు. 1910లో భార్యను చంపి, మారువేషంతో కెనడా ఓడ ఎక్కిన క్రిప్పెన్ అనే వైద్యుడు పట్టుబడినది ఆ ఓడ కప్తాను పంపిన వైర్‌లెస్ వార్త వల్లనే. అతనిని పట్టుకొనదలచిన డిటెక్టివు మరింత వేగమైన ఓడలో పోయి, రేవులో అతనికంటె ముందే నిలిచియున్నాడు. నక్షత్రాల నడుమ అట్టి వైర్‌లెస్ లేదు. అందువల్లనే ఓడదొంగ మరల పుట్టుటకు అక్కడ చోటున్నది.

కథకులు ఈ దొంగలకు రెండు రకాల స్థావరాలు కల్పించినారు. మొదటిది దాగుడు స్థావరం. ఈ.ఈ. స్మిత్ 1937-38లో ధారావాహికగా వెలువరించిన 'గెలాక్టిక్ పెట్రోల్' అనే నవలలో దొంగల ముఖ్య స్థావరం ఎక్కడ ఉన్నదో కనిపెట్టుటయే కథకు ఆయువుపట్టు. 1953లో ఐజాక్ అసిమోవ్, పాల్ ఫ్రెంచ్ అనే మారుపేరుతో బాలురకు వ్రాసిన ఒక నవలలో దొంగలు అంత దూరం పోక, మన సూర్యకుటుంబంలోనే, కుజ గురు గ్రహాల నడుమ ఉన్న లఘుగ్రహాలలో కాపురం పెట్టినారు. ఈ ఊహ చదువుటకు బాగుండును. ఐతే లఘుగ్రహాల మండలం మనం బొమ్మలలో చూచునట్లు బండరాళ్లు కిక్కిరిసిన కనుమ కాదు. అక్కడి రాళ్లన్నిటిని ఒకచోట కుప్పవేసినను మన చంద్రుని బరువులో నూరింట మూడు వంతులు మాత్రమే తూగును. ఒక రాతికి, దాని పొరుగు రాతికి మధ్య లక్షల కిలోమీటర్ల ఎడమున్నది. 1972-73లో పయనీర్-10 అనే నౌక ఆ మండలాన్ని దాటి పోయినప్పుడు దానికి ఏ రాయియు అడ్డు తగులలేదు.

చీకటిలో దాగుట కూడ అంత తేలిక గాదు. మనిషి బ్రతుకవలెనంటే వెచ్చదనం కావలెను, యంత్రం నడువవలెనంటే వేడి పుట్టక మానదు. చల్లని ఆకాశంలో ఆ వేడిమి దీపం వలె కనబడును. 2009లో పైకి పంపిన వైజ్ అనే దూరదర్శిని వేల కొలది లఘుగ్రహాలను వాని వేడిమిని బట్టియే గుర్తించినది. 1977లో బయలుదేరిన వాయేజర్-1 ప్రసార యంత్రం శక్తి ఇరువది చిల్లర వాట్లు, అనగా ఒక చిన్న విద్యుద్దీపమంత. అది 2,400 కోట్ల కిలోమీటర్ల దూరం చేరిన తరువాత 2024లో కూడ భూమి మీది పెద్ద యాంటెనాలకు వినబడినది. ఆ యాంటెనాలకు ఎటు చూడవలెనో ముందుగా తెలుసును, అది నిజమే. ఐనను వందలమంది మనుషులు, వంటశాలలు, కమ్మరికొలుములు గల స్థావరాన్ని ఒకే నక్షత్ర కుటుంబంలో చిరకాలం దాచుట కష్టమని ఒప్పుకొనవలెను.

పైపర్ ఆ దారి తొక్కలేదు. టానిత్ బహిరంగ స్థావరం. అది ఎక్కడ ఉన్నదో ఆ వృత్తిలో ఉన్నవారందరికి తెలుసును. దొంగకు దాగుచోటుకంటె రేవు ముఖ్యమని ఆయన గ్రహించినాడు. ఈ తెలివి ఆయనకు ఎక్కడినుంచి వచ్చినదో ఊహించుటకు ఆయన జీవితం కొంత తోడ్పడును. 1904లో పెన్సిల్వేనియా రాష్ట్రంలో ఆల్టూనా అనే ఊరిలో పుట్టినాడు. అది రైలు ఇంజన్లు కట్టే, బాగుచేసే కార్ఖానాల ఊరు. కాలేజీ చదువు లేదు. అక్కడి రైల్వే యార్డులో మొదట కూలిపని, తరువాత రాత్రి కాపలా పని చేసినాడు. చరిత్ర, పాత ఆయుధాలు ఆయనకు ప్రాణం. 1964లో మరణించినాడు. ఎంత గొప్ప ఇంజనైనను ఏదో ఒకనాడు షెడ్డుకు రాక తప్పదని ప్రతి రాత్రి కన్నులార చూచినవాడు ఓడదొంగల కథ వ్రాస్తే, అందులో మరమ్మతు షెడ్డు లేకుండునా?

నవలకు పూర్వకథ ఇట్లున్నది. భూమినుంచి మనుషులు అనేక నక్షత్రాలకు వలసపోయి ఒక పెద్ద సమాఖ్యగా ఏర్పడినారు. ఆ సమాఖ్యలో అంతర్యుద్ధం వచ్చినది. ఓడిన పక్షంవారిలో కొందరు తప్పించుకొని, ఎవరికిని తెలియని దూరానికి పోయి, కొత్త గ్రహాల మీద స్థిరపడినారు. ఆ గ్రహాలకు వారు పురాణవీరుల కత్తుల పేర్లు పెట్టుకొన్నారు. ఎక్స్‌కాలిబర్ ఒకటి, డ్యూరెండాల్ ఒకటి, గ్రామ్ ఒకటి. శతాబ్దాలు గడచిన తరువాత వారి సంతతివారు పాత లోకానికి వచ్చి చూచేసరికి సమాఖ్య కూలిపోయినది. ఒక గ్రహంలో యంత్రాలు తుప్పు పట్టి, జనం ఎద్దు నాగలికి మరలినారు. మరొకదానిలో చిన్న చిన్న రాజ్యాలు కలహించుకొనుచున్నవి. కత్తిలోకాలవారికి ఓడలున్నవి, ఆయుధాలున్నవి. వ్యాపారం చేయుటకంటె దోచుకొనుట తేలికగా కనబడినది. వీరే అంతరిక్ష వైకింగులు. ఎగురుచున్న ఓడను నడిదారిలో అడ్డగించుటకు ఈ లోకంలో వీలులేదు. కాంతిని మించి పోవునప్పుడు దానిని ఎవరును తాకలేరు. కాబట్టి వీరు ఓడలను కాక గ్రహాలనే దోచుకొంటారు. ఇంటినుంచి దోపిడికి పోయి రావలెనంటే మాసాల ప్రయాణం. నడుమ ఒక రేవు లేక గడువదు.

పైపర్ ఈ పాత సమాఖ్య గ్రహాలకు దేశదేశాల దేవతల పేర్లు పెట్టినాడు. టానిత్ పూర్వం కార్తేజి నగరంవారు కొలిచిన దేవత. మార్దూక్ బాబిలోను దేవుడు. అమతెరాసు జపానువారి సూర్యదేవత. దొంగల స్థావరాలలో ఒకదాని పేరు జగన్నాథ్ అని చదివినప్పుడు మన పాఠకుడు ఉలికిపడక మానడు. రచయితకు దీనిలో అపచారబుద్ధి ఏమియు లేదు. మనుషులు పోయిన చోటెల్ల తమ దేవుళ్ల పేర్లు వెంట తీసికొని పోతారని మాత్రమే ఆయన సూచన.

గ్రామ్ గ్రహంలో లూకస్ ట్రాస్క్ అనే జమీందారు ఉన్నాడు. వైకింగుల దోపిడి అతనికి మొదట గిట్టదు. అతని వాదం దయాధర్మాలను గురించి కాదు. దోపిడికి పోవువారు మనలో ధైర్యవంతులు, పనితెలిసినవారు, మనకున్న మేలిమి అంతయు పైకి పోయి తిరిగి రాకుంటే ఇల్లు ఏమగును అని అతడు అడుగుచున్నాడు. ఇంతలో అతని పెండ్లినాడే, డన్నన్ అనే మతిచెడిన ప్రభువంశీకుడు పెండ్లిజనం మీద కాల్పులు జరిపినాడు. వధువు ఎలేన్ మరణించినది. ట్రాస్క్ గాయపడినాడు. డన్నన్ అక్కడి డ్యూకు కట్టించుచున్న కొత్త ఓడను దొంగిలించి నక్షత్రాలలోనికి పారిపోయినాడు. అతనిని వెదకుటకు ఓడ కావలెను. ట్రాస్క్ తన జమీను యావత్తు డ్యూకుకు ఇచ్చి, ఆ ఓడకు జోడైన మరొక ఓడను పుచ్చుకొన్నాడు. దానికి నెమిసిస్ అని పేరు పెట్టి, హార్కమన్ అనే అనుభవజ్ఞుడైన వైకింగును కప్తానుగా కుదుర్చుకొని బయలుదేరినాడు. నిన్నటి వరకు దోపిడిని నిందించినవాడు నేడు దోపిడిగాడు. డన్నన్ మొదట అక్కడికే పోయియుండునని తలచి, వారు చేరినది టానిత్.

అక్కడ వారికి డన్నన్ కనబడలేదు. ఇద్దరు చిల్లర దొంగలు మాత్రం రెండు పాత ఓడలతో కనబడినారు. గొప్ప నగరాలను కొట్టే శక్తి వారికి లేదు. దిక్కులేని పల్లెలను దోచి, కోళ్లదొంగల వలె కాలక్షేపం చేయుచున్నారు. ఐనను ఆ గ్రహంలో స్థావరానికి కావలసినవి చాల ఉన్నవి. పాత సమాఖ్య కాలపు నగరం రివింగ్టన్ పాడుపడి ఉన్నది. గోడలు గట్టివే, ఓడలు దిగుటకు చోటున్నది. దోపిడికి అనువైన గ్రహాలు అందుబాటులో ఉన్నవి. గ్రామస్థులున్నారు, పంటలున్నవి. ట్రాస్క్ ఆ ఇద్దరు దొంగలను తనలో కలుపుకొని పని మొదలుపెట్టినాడు.

నవలలో నాకు అన్నిటికంటె రుచించినది ఈ భాగమే. యుద్ధాలు ఎవరైనను వ్రాయగలరు. ఒక ఓడ దెబ్బతిని వచ్చినప్పుడు దాని కవచపు రేకు ఎక్కడ పోతపోయవలెను, ఉక్కు ఎక్కడినుంచి రావలెను, కొలిమి ఊదేవాడికి పని ఎవరు నేర్పవలెను అనే ప్రశ్నల మీద కథ నడిపినవారు అరుదు. దొంగకు ఒక షెడ్డు కావలెను. షెడ్డుకు పనివాళ్లు కావలెను. పనివాళ్లకు కూలి, తిండి, ఇల్లు, పిల్లలకు బడి కావలెను. ఒకటి వెంట ఒకటి వచ్చి, దొంగలు తమకు తెలియకుండగనే ఊరు కట్టినారు.

ఇది కేవలం కల్పన అని త్రోసివేయుటకు వీలులేదు. నిజమైన వైకింగులు 793లో లిండిస్‌ఫార్న్ మఠాన్ని దోచినప్పుడు వేసవిలో వచ్చి, చలికాలానికి ఇంటికి పోయే దొంగలు. 850-51 చలికాలంలో వారు మొదటిసారి ఇంగ్లండులోనే, థానెట్ దీవిలో ఉండిపోయినారని అప్పటి వృత్తాంతాలు చెప్పుచున్నవి. థానెట్, టానిత్ అను పేర్లకు గల శబ్దసామ్యం చమత్కారంగా ఉన్నది. ఐర్లండులో 841లో వారు ఓడల రక్షణకై కట్టుకొన్న కోటయే డబ్లిన్ నగరానికి మొదలు. అది చిరకాలం బానిసల సంతగా పేరుమోసినది. నూటయేబది ఏండ్లకు, సుమారు 997లో, అక్కడి నార్సు రాజు సిట్రిక్ తన పేర వెండి నాణేలు ముద్రింపించినాడు. ఐర్లండులో ముద్రితమైన తొలి నాణేలు అవే. తాత దోచిన వెండిని మనుమడు తూచి, ముద్రవేసి, చెల్లించుట నేర్చినాడన్నమాట.

ఊరు కాలేక చెడిన స్థావరాలు కూడ ఉన్నవి. మడగాస్కరు తీరానికి దగ్గరగా సెయింట్ మేరీ అనే చిన్న దీవి ఉన్నది. 1691 ప్రాంతంలో ఆడం బాల్డ్రిడ్జ్ అనే ఆంగ్లేయుడు అక్కడ కోట, గిడ్డంగి కట్టినాడు. న్యూయార్కు వర్తకుడు ఫ్రెడరిక్ ఫిలిప్స్ ఓడల మీద బట్టలు, సారాయి, తుపాకిమందు పంపేవాడు. ఎర్రసముద్రం మీద, సూరతు దారిలో ఓడలను కొట్టి వచ్చిన దొంగలు ఆ సరకులను మండిపోయే ధరలకు కొనేవారు. దోచిన బంగారంలో అధికభాగం ఈ విధంగా ఎన్నడు కత్తిపట్టని వర్తకుల పెట్టెలలో పడినది. ఐతే బాల్డ్రిడ్జ్ అంతటితో ఆగక, తనను నమ్మిన స్థానికులనే ఓడ ఎక్కించి బానిసలుగా అమ్మినాడు. 1697లో వారు తిరుగబడి ఆ స్థావరాన్ని నేలమట్టం చేసినారు.

టానిత్‌లో ట్రాస్క్ ఈ తప్పు చేయలేదు. స్థానికులకు పని నేర్పించి, వారిని తనవారిగా చేసికొన్నాడు. అది అతని మంచితనమనుటకంటె తెలివి అనుట న్యాయం. తరువాత వ్యాపారం వచ్చిన తీరు కూడ చిత్రమైనది. అమతెరాసు అనే గ్రహాన్ని అతడు దోచినాడు. అక్కడ గడోలినియం అనే లోహం దొరకును. కాంతిని మించిపోయే ఇంజన్లకు అది లేనిదే గడువదని నవలలోని ఏర్పాటు. బియోవుల్ఫ్ అనే మరొక గ్రహాన్ని కొట్టబోయి గట్టి దెబ్బలు తిన్నాడు. ఆ గ్రహంవారికి అణుశక్తి ఉన్నది, చదువున్నది, గడోలినియం లేదు. కాబట్టి నక్షత్రాలకు పోయే ఓడలు లేవు. ఒకరికి ఉన్నది మరొకరికి లేదు. నడుమ ఓడలున్నవాడు ట్రాస్క్. ఒకసారి దోచితే ఒకసారే లాభం, సరకు మార్పిడి నడిపితే ఏటేట లాభం అని లెక్క తేలినది. గడోలినియం కల్పితం కాదని ఇక్కడ చెప్పవలెను. అది మన భూమి మీద దొరికే లోహమే, న్యూట్రానులను విశేషంగా పీల్చుకొను గుణం వల్ల అణు రియాక్టరులలో వాడుకలో ఉన్నది. కాంతిని మించిన వేగం మాత్రమే కల్పన.

ఇంత మెచ్చుకొన్న తరువాత ఒక మాట అనక తప్పదు. ఈ ఊరు దేనితో కట్టబడినది? ట్రాస్క్ మొదట దోచినది ఖెపెరా అనే బలహీనమైన గ్రహాన్ని. అక్కడ జరిగిన హత్యలకు, దహనాలకు అతనికే రోత పుట్టినట్లు రచయిత వ్రాసినాడు. వ్రాసి, ముందుకు సాగిపోయినాడు. ఒక్క ఎలేన్ మరణం కొరకు నవల పొడవున దుఃఖమున్నది. ఖెపెరాలో చచ్చినవారికి ఒక్కరికైన పేరు లేదు. ఆ ఊళ్లలో కూడ ఆనాడు పెండ్లిపందిళ్లు ఉండియుండవా? దోపిడి నుంచి వ్యాపారం పుట్టినదని చరిత్ర చెప్పుట నిజమే. పుట్టినది గదా అని దోపిడి లెక్క కొట్టివేయుటకు ఎవరికిని అధికారం లేదు. పైపర్ ఆ లెక్క కొట్టివేయలేదు గాని, పుస్తకం చివరి పుటలోనికి నెట్టి పెట్టినాడని నా అభిప్రాయం.

గ్రామ్ సంగతి ట్రాస్క్ మొదట భయపడినట్లే ఐనది. అక్కడి డ్యూకు తనను రాజుగా ప్రకటించుకొన్నాడు. పనితెలిసినవారు టానిత్‌కు వలసపోగా ఇంట మిగిలినవారు పదవులకై పోట్లాడుకొన్నారు. రాజు నిరంకుశుడైనాడు. కొంతకాలానికి ట్రాస్క్ అతనికి విధేయత మానివేసినాడు. ఇక మార్దూక్ కథ వేరు. అది పాత సమాఖ్య గ్రహాలలో చెడిపోక మిగిలినది, రాజు, పార్లమెంటు, ఎన్నికలు గల నాగరిక దేశం. అక్కడి ప్రభువులను ట్రాస్క్ ముగ్ధుడై చూచినాడు. వారి ఓడలు గొప్పవి, విశ్వవిద్యాలయాలు గొప్పవి. జాస్పర్ మకాన్ అనే ఉపన్యాసకుడు ఒకడు గుంపులను రెచ్చగొట్టుచున్నాడని అతడు చెప్పితే, వారు నవ్వి ఊరుకొన్నారు. అతడు విదూషకుడు, మన రాజ్యాంగం గట్టిది అన్నారు. పైపర్ మనస్సులో ఉన్నది హిట్లరు. నవలలోనే అతని ప్రసక్తి వచ్చును. ఓట్లతోను, వీధి రౌడీలతోను మకాన్ అధికారంలోనికి వచ్చినాడు. వచ్చిన తరువాత రాజును, పార్లమెంటును త్రోసివేసినాడు. డన్నన్ అతనితో చేతులు కలిపినాడు.

అప్పుడు మార్దూక్ రాజవంశానికి చెందిన బెంట్రిక్ తన లోకం విడిచి సహాయం కోరి వచ్చినది టానిత్‌కే. ఒకనాడు ఏ నాగరికుడును పేరు ఎత్తుటకు ఇష్టపడని దొంగల రేవు అది. ట్రాస్క్ తన ఓడలను, తోటి వైకింగుల ఓడలను, బియోవుల్ఫ్‌వారి కొత్త ఓడలను కూడగట్టి మార్దూక్ మీదికి నడిపించినాడు. ఆ యుద్ధంలో డన్నన్ చచ్చినాడు, మకాన్ కూలినాడు. బియోవుల్ఫ్ ఓడలు నక్షత్రాలను దాటి రాగలిగినది అమతెరాసు గడోలినియంతో. అది వారికి చేరినది టానిత్ ఓడల మీద, దొంగలు కట్టిన రేవు మీదుగా.